వార్ధక్యము – కైంకర్యము

భద్రగిరిపై స్వామికి తొలి కైంకర్యము చేసినదెవరు? 17వ శతాబ్దమున కంచెర్ల గోపన్న ఆలయము కట్టించుటకు పూర్వమే, భద్రారెడ్డిపాలెమున నివసించిన పోకల దమ్మక్క పుట్టలోని మూర్తులను గుర్తించి, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నివేదించి సేవించినదని స్థలపురాణము చెప్పుచున్నది. ఆమె అడవిబిడ్డ, వృద్ధురాలు. స్వామి ఆ పందిరినే కొలువుగా గైకొనెను.

శ్రీరామనవమికి స్వచ్ఛందసేవ చేయవచ్చిన పెద్దలు మరుసటి యేడు రాకుండుట ఉత్సవములు జరుగు చోట్ల కనబడునదే. వారికి భక్తి తగ్గుట కారణము కాదు. చైత్రమాసపు ఎండలో గంటల తరబడి నిలువజాలరు; బిందెలు మోయుచు మెట్లెక్కజాలరు. అంతకన్నను, "మీవల్ల ఏమగును? ఒకచోట కూర్చొనుడు" అను మాట వారిని నొప్పించును. కాళ్లనొప్పి ఇల్లు చేరిన పిమ్మట తగ్గును. ఆ మాట తగ్గదు.

కిష్కింధాకాండమున సముద్రతీరమందు జాంబవంతుడు తన వార్ధక్యమును దాచలేదు. పూర్వము త్రివిక్రమునికి ప్రదక్షిణము చేసిన తాను ఇప్పుడు తొంబది యోజనములకు మించి పోజాలనని ఒప్పుకొనెను. అంగదుడు పోవుట తగదని వారించి, మౌనముగ కూర్చొనియున్న హనుమంతునికి అతని బలమును గుర్తుచేసెను. సముద్రమును లంఘించినవాడు హనుమంతుడు, లేపినవాడు వృద్ధుడు. కావున పెద్దలు తమ శక్తి యింతయని సంకోచము లేక చెప్పవలెను. పిలుచువారు లేని పది యోజనములను గాక, ఉన్న తొంబదిని చూడవలెను.

భద్రాద్రి కల్యాణమునకు గోదావరీతీర భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలుగా సమర్పించుచున్నారు. ఆ సేవకు పరుగు అక్కరలేదు, ఓపిక కావలెను. ఇంటి అరుగుపై కూర్చొని చేయవచ్చును. తులసిమాలలు కట్టుట, పారాయణము, తప్పిపోయిన పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొనుట, పర్ణశాలకు దారి చెప్పుట అట్టివే. పూటకు రెండు గంటల పని, నీడ, మంచినీరు, ఒక యువకుని తోడు ఉన్నచో పెద్దలు నిలుతురు. ఉత్సవము ముగిసిన పిమ్మట ప్రసాదముతో వారి యింటికి వెళ్లి, "వచ్చే నవమికి మీరు తప్పక రావలెను" అని పిలిచినచో మరల వత్తురు.

రావణుని ఎదిరించిన జటాయువు గెలువలేదు. అయినను శ్రీరాముడు ఆత్మబంధువునకు వలె అంత్యక్రియలు జరిపెను. ఆ వృద్ధుడు పోరాడిన చోటని చెప్పుకొను ఎటపాక భద్రాచలమునకు సమీపముననే యున్నది. ఆ దారిన పోవు యాత్రికులు తమ యింటి పెద్దలను స్మరించి, రాబోవు నవమికి ఏ సేవ కోరుదురో వారినే అడుగుదురు గాక.