పరదేశికి అమ్మిన చేప

ధర్మమనగానే మనకు గొప్ప సందర్భములే జ్ఞప్తికి వచ్చును. కాటిలో నిలిచియు సత్యము వీడని రాజును, తండ్రిమాటకై రాజ్యము విడిచిన కుమారుని స్మరించి కన్నులు చెమర్చుకొందుము. అట్టి పరీక్షలు లక్షమందిలో ఒకరికైనను కలుగుట అరుదు. సామాన్యుని ధర్మము దినదినమును పరీక్షింపబడు తావు వేరొకటి కలదు. అది అంగడి. త్రాసు పట్టినవానికిని సంచి పట్టినవానికిని నడుమ గడచు నాలుగు నిమిషములలో ఒక ఊరి నీతి యెంతటిదో తెలిసిపోవును. కొనవచ్చినవాడు ఆ యూరివాడు కానపుడు అది మరింత స్పష్టముగా తెలియును. ఊరికి క్రొత్తవాడై, భాష రానివాడై, సరకు మంచిచెడ్డలు ఎరుగనివాడై వచ్చినవానికి మనము ఏమి అమ్ముచున్నాము? ఈ ప్రశ్నను చేపల తట్ట యొద్ద నిలిచి విచారింతము. వస్త్రము చెడ్డదైన డబ్బు మాత్రమే పోవును. చేప చెడ్డదైన దేహమే చెడును. కావున ఈ విచారమునకు ఇంతకంటె తగిన సరకు లేదు.

ఎరిగినవానికి సరిగా అమ్ముట గొప్ప కాదు. పొరుగింటివానికి క్రుళ్లిన చేప నంటగట్టినచో మరునాటి ఉదయమున ఆ తట్ట యొద్ద నలుగురు చేరుదురు. వారము తిరుగకమునుపే ఆ వర్తకుని పేరు వీధులవెంట తిరుగును. అక్కడ నిజాయితీని కాపాడునది భయము, లేదా లాభము. జర్మను తత్త్వవేత్త కాంట్ 1785లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథములో ఒక దుకాణదారుని ఉదాహరణముగా తెచ్చెను. చిన్నబిడ్డ వచ్చినను, ఏమియు తెలియనివాడు వచ్చినను అతడు అందరికిని ఒకే వెల చెప్పును, ఎవరిని మోసగింపడు. అంతమాత్రమున అతని నడత ధర్మనిష్ఠ యగునా యని ప్రశ్న. తన బేరము నిలుచుటకై అట్లు చేసినచో అది తెలివి యగునే గాని ధర్మనిష్ఠ కాదని ఆయన సమాధానము. ఈ గీటురాయి మిగుల కఠినమైనది. దానిమీద మనలను గీసి చూచుకొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మన మూడు పట్టణములు చాలును.

ఈ మూడింటికిని మూడు తెగల క్రొత్తవారు వచ్చుచుందురు. సూర్యాపేట హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిమీది మజిలీ. బస్సు దిగి, అన్నము తిని, మరల బస్సెక్కిపోవువారు అక్కడ ఎడతెగక వచ్చుచుందురు. వారిలో అనేకులు ఆ హోటలు గడప మరల త్రొక్కనివారు. పులుసులోని చేపముక్క నేటిదో మొన్నటిదో, మసాలా ఘాటు దేనిని కప్పుచున్నదో కడుపునకు తెలియులోపల వారు జిల్లా దాటి పోదురు.

కోదాడ ఆ దారిలో తెలంగాణకు తుది పట్టణము. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలబడిన పిమ్మట, ఎడమ కాలువ క్రింది ఈ ప్రాంతమునకు కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి రైతులు వచ్చి, భూములు కొని, స్థిరపడిరి. భూమితో బాటు నాలుకనుగూడ మార్చుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. సముద్రపు చేపకును, ఎండు మెత్తళ్లకును, ఉప్పు చేపకును అలవాటుపడిన కుటుంబములు చెరువు చేపల సీమకు వచ్చి తమ రుచిని వెదకుకొనవలసినవారైరి.

మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణము. ఆ మిల్లులలో బస్తాలు మోయు హమాలీలలో బీహారునుండి వచ్చినవారు కలరు. చేపయు అన్నమును వారి సీమలోను ప్రియమైన భోజనమే. సెలవునాడు కూలి డబ్బుతో చేప కొనవచ్చిన హమాలీకి తెలుగు రాదు. అమ్మువానికి హిందీ అంతంతమాత్రము.

ఈ మువ్వురిలో బాటసారికి తీరిక లేదు, క్రొత్తగా వచ్చిన రైతుకు పరిచయము లేదు, కూలివానికి భాష లేదు. నిలదీయు బలము ఒక్కరికిని లేదు. వర్తకుని ధర్మము నిజముగా పుట్టవలసిన స్థలము ఇదియే. భయము లేనిచోట, లాభము మోసమువైపే మొగ్గుచున్నచోట, ఇంకను త్రాసు సరిగా నిలిచినచో అది ధర్మము.

"కొనువాడు చూచుకొనవలదా?" యని కొందరందురు. చూచుకొనవలసినదే. కన్ను గలవానికి చేప తన వయస్సు తానే చెప్పును. దాని కన్ను ఉబ్బి నిగనిగలాడవలెను, గుంటపడి తెల్లబారరాదు. మొప్పలెత్తి చూచిన ఎర్రగా నుండవలెను. వ్రేలితో నొక్కిన మాంసము వెంటనే పైకి లేవవలెను. కొరమీనుకు ఇంత పరీక్షయు అక్కరలేదు. అది గాలినిగూడ పీల్చి బ్రతుకును గనుక అంగడి తొట్టిలోనే కదలుచు కనబడును. ప్రాణముతో నున్న సరకునకు వేరు సాక్ష్యమేల?

అయితే తల తీసి, తోలు వలిచి, ముక్కలు చేసిన పిదప చేప నోరులేని సాక్షి యగును. తలయు, కాళ్లును, ఎముకలును లేని మాంసమును, దుర్గంధము గలదానిని, తనంతట చచ్చిన జంతువు మాంసమును అమ్మరాదనియు, అట్లు అమ్మినవానికి 12 పణములు దండుగ యనియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించుచున్నది. కొనువాని కంటికి గురుతులు మిగులవలెననుటయే ఆ విధిలోని మర్మమని మాకు తోచుచున్నది. ఎరుగనివానిని "చూచుకొనుము" అనుటకు ముందు, చూచుటకు ఏదైనను మిగిల్చితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

మన కాలపు మోసము ఆ గురుతులచేతనే అబద్ధమాడించుట నేర్చినది. శవములను చెడకుండ నిలుపుటకు వైద్యకళాశాలలలో వాడు ఫార్మలినులో ముంచిన చేప, మాంసము బిగిసి, దినములు గడచినను క్రొత్తదివలె కనబడును. అందలి ఫార్మాల్డిహైడు మనుష్యులకు క్యాన్సరు కలిగించునదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. ఈ మందు చేపలలో కనబడినదను కారణమున అస్సాం ప్రభుత్వము 2018 జూలైలో ఆంధ్రమునుండి వచ్చు చేపలను 10 దినములు నిషేధించినది. 2019 జనవరిలో బీహారు ప్రభుత్వము పాట్నా నగరమున ఆంధ్ర చేపల విక్రయమును 15 దినములు ఆపివేసినది. దోషము చెరువుగట్టున జరిగెనో, లారీలో జరిగెనో, అంగడిలో జరిగెనో యను వాదము అట్లుండనిండు. పాట్నాలోని యిల్లాలు కొల్లేటి రైతు ముఖమెరుగదు. అతడును ఆమె ముఖమెరుగడు. ముఖములు కనబడనంత దూరము సరకు పోవునపుడు మోసమునకు భయము తొలగిపోవుననుట మాత్రము నిజము. పూర్వము పరదేశి మన యూరికి వచ్చెడివాడు. నేడు మన సరకే పరదేశమునకు పోయి, తిన్నవారినందరిని మనకు పరదేశులను చేయుచున్నది.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఈ మందును కాగితపు పట్టీతో కనుగొను పరీక్షను తయారుచేసినది. మేలే. కాని ప్రతి యిల్లాలి కొంగునను ఒక పట్టీ కట్టి అంగడికి పంపవలసిన సంఘము ఎట్టి సంఘము?

ఇచ్చట ఉప్పును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. దొరికిన ఆహారమును నిలువచేయవలసిన అవసరము మానవునికి క్రొత్తది కాదు. మన తీరమున చేపకు ఉప్పు పట్టించి ఇసుకమీద ఎండబెట్టిరి. తెలంగాణ పల్లెలలో మాంసమును తునకలుగా కోసి దండెమున ఆరవేసిరి. స్పెయిను దేశమున పంది తొడను ఉప్పులో ఊరవేసి, ఏండ్లతరబడి గాలికి వ్రేలాడదీసి, పలుచగా కోసి, అమృతమువలె తినుచున్నారు. ఉప్పును నిలువచేయును, ఫార్మలినును నిలువచేయును. భేదమేమి? ఆరోగ్యమునకు సంబంధించిన భేదము అందరెరిగినదే. నీతికి సంబంధించిన భేదము ఇంకను పెద్దది. ఉప్పు చేప తాను నిన్నటిదానిని కానని, నెలనాటిదాననని ముఖముననే చెప్పును. దాని రంగు చెప్పును, బిగువు చెప్పును, వాసన వీధి చివరనుండియే చెప్పును. తనమీద కాలము గడచినదని ఒప్పుకొని, ఆ ఒప్పుకోలునే రుచిగా మార్చుకొన్నది. మందు చేపయో, గడచిన కాలమును దాచిపెట్టును. పాత సరకు అమ్ముట పాపము కాదు. పాతదానిని క్రొత్తదని అమ్ముట పాపము.

ఇంత కఠినముగా మాటలాడుట తిండికి లోటులేనివారికి సులభమని ఎవరైనను ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణలో న్యాయము కలదు. బస్టాండు ప్రక్కన ఎండలో తట్ట ముందుంచుకొని కూర్చున్న స్త్రీని చూడుడు. తెల్లవారుజామున అప్పుచేసి తెచ్చిన చేప. మధ్యాహ్నమునకే కరగిపోయిన ఐసు. సాయంకాలమునకు మిగిలిన సగము తట్ట. రాత్రికి తీర్పవలసిన వడ్డీ. ఆ సమయమున భాష రాని హమాలీ వచ్చి నిలిచిన, ఆమె మనస్సులో నేమి జరుగునో ఊహింపవచ్చును. ఆమెకు మేము చెప్పగలిగినది ఒక్కటే: "ఇది ప్రొద్దుటిది, వెల తగ్గించితిని" అను మాట ఏ భాషలోనైనను చేతిసైగతో చెప్పవచ్చును. అప్పటికిని మిగిలినదానికి ఉప్పు కలదు. అయితే ఆమెకు నీతి చెప్పునంతటితో మన బాధ్యత తీరదు. నీడ యియ్యని, నీరియ్యని, ఐసు దొరకు ఏర్పాటు చేయని పురపాలకసంఘము ఆమె దోషములో పాలు పంచుకొనవలసినదే. దినమంతయు ఎండలో కూర్చుండబెట్టి, సాయంకాలమున సత్యము చెప్పుమనుట కొంత నిర్దయ.

ఇంతకంటెను లోతైన కారణము మనయందే యున్నది. చేపల అంగడిని ఊరి వెనుకకు నెట్టినది మనము. ఎండు చేప వండుకొనువారికి ఇల్లు అద్దెకియ్యమన్నది మనము. పంది మాంసము సంగతి చెప్పనేల? దానిని తినువారిని, అమ్మువారిని కులము పేర దూరముంచి, ఆ అమ్మకము ఏ కాలువ గట్టుననో జరుగునట్లు చేసితిమి. దానివలన ఆ తిండి మానినవారెవ్వరును లేరు. కొనువాడు తలవంచుకొని, సంచిలో దాచుకొని, త్వరగా పోవుట నేర్చినాడు. సిగ్గుపడుచు కొనువాడు సరకును త్రిప్పి చూడలేడు, వెల అడుగలేడు, మోసము జరిగిన మరల వచ్చి అడుగలేడు. పెద్దమనుష్యులు ముక్కు మూసుకొని పోవు వీధికి పరీక్షాధికారియు రాడు. సంఘము చూడనొల్లనిచోట మోసము సుఖముగా పెరుగును. మనము తినమా యను ప్రశ్న వేరు. ఇతరులు తినునది శుభ్రముగా నుండవలెనా యను ప్రశ్న వేరు. మొదటిదానికి ఎవరి సమాధానము వారిది. రెండవదానికి సమాధానము ఒక్కటే.

మన పురాతనులు ఈ విషయమున మనకంటె విశాలహృదయులని మహాభారతములోని ధర్మవ్యాధుని కథ చాటుచున్నది. తపోగర్వము గల కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకై మిథిలకు పోయెను. అచ్చట అతనికి గురువుగా దొరికినవాడు మాంసవిక్రేత. తాను చంపక, ఇతరులు చంపిన పందుల, దున్నల మాంసమును అమ్ముకొని, తల్లిదండ్రులను సేవించువాడు. వేదాధ్యయనపరుడు అంగడి ముందు నిలిచి మాంసము అమ్మువానిచే ధర్మము చెప్పించుకొనెను. కథకుడు ఆ గురువును ఆశ్రమమున గాక కసాయి దుకాణమున నిలిపినాడు. ఆ మిథిల నేటి ఉత్తర బీహారు, నేపాళ భూములలోనిదని గమనింపుడు. నాడు ఆ సీమకు పోయిన పరదేశికి మాంసపు అంగడిలో ధర్మము లభించినది. నేడు ఆ సీమనుండి మన మిర్యాలగూడకు వచ్చినవానికి మన చేపల అంగడిలో ఏమి లభించుచున్నది?

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. మన యిండ్లనుండియు బిడ్డలు అమెరికాకు, ఐరోపాకు పోయి అక్కడ క్రొత్తవారై కొనుచున్నారు. కొరమీను జాతి చేపలను ప్రాణముతో తమ దేశమునకు తెచ్చుటను అమెరికా 2002లో నిషేధించినది. అవి అక్కడి జలములలో వ్యాపించి ఇతర చేపలను నశింపజేయునని ఆ దేశపు భయము. కాబట్టి తొట్టిలో కదలు చేపను చూచి కొనిన తల్లి బిడ్డ, అక్కడ మంచుగట్టిన పొట్లముమీది అక్షరములను నమ్మి కొనవలసినదే. స్పెయిను దేశము తన ఐబీరియా పంది తొడలకు 2014లో నాలుగు రంగుల చీటీలను శాసనముచేత ఏర్పరచినది: శుద్ధజాతిదై ఓకు కాయలు మేసిన పందికి నలుపు, ఆ మేతయే మేసిన సంకరజాతి పందికి ఎరుపు, ఆరుబయట తిరిగి దాణా కూడ తిన్నదానికి ఆకుపచ్చ, దొడ్డిలో దాణాతో పెంచినదానికి తెలుపు. భాష రాని మన కుఱ్ఱవాడు మాడ్రిడు అంగడిలో నిలిచినను, రంగు చూచి తన డబ్బుకు తగినదానిని కొనగలడు. ఎన్నడును చూడని పరదేశికై ఒక దేశము ముందుగానే సత్యమును వ్రాసి కట్టియుంచినది. ఇది వట్టి వ్యాపారపు యుక్తి యని కాంట్ అనవచ్చును. కానిండు. ధర్మబుద్ధి అందరియందు పుట్టువరకు, ధర్మమునకు తోడ్పడు ఏర్పాట్లు చేసికొనుట వివేకమే.

మన పట్టణములలో ఇట్టిది అసాధ్యము కాదు. చేప ఏ నీటిదో, ఏనాడు వచ్చినదో తెలుగునను హిందీలోను వ్రాసిన ఒక పలక. కోయకమునుపు తలయు మొప్పలును చూపు అలవాటు. నిన్నటిదానికి వేరు తట్ట, వేరు వెల. నెలకొకసారి నలుగురి ఎదుట పరీక్ష. వీనికి పెద్ద ధనము అక్కరలేదు. వీనికంటెను సులభమైనది ఇంకొకటి గృహస్థుల చేతిలో నున్నది. అంగడిలో మన ప్రక్కన భాష రానివాడొకడు తట్టముందు తడబడుచు నిలిచినపుడు, మన చేప మనము తూయించుకొని వెడలిపోక, "అన్నా, అతనికిని మంచిది చూచి యిమ్ము" అని ఒక్క మాట పలుకుట. ఆ మాటతో అతడు ఊరిలో ఎవరును లేనివాడు కాకుండ పోవును. సాక్షి యున్నాడని త్రాసునకు తెలియును. అతిథిని దేవుడనుకొమ్మని మన పెద్దలు చెప్పిరి. దేవుడనుకొనకున్నను, తెల్లవారి మరల రాబోవు పొరుగువాడనుకొనిన చాలును.