గాలి వాటా

మా అక్క కొడుకు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. మొన్న మా ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద మ్యాపు పరుచుకుని ఏవో లెక్కలు కడుతున్నాడు.

"ఏమిట్రా అది?" అన్నాను కాఫీ ఇస్తూ.

"ఎగరబోయే ముందు వేసుకోవాల్సిన లెక్క పిన్నీ. విమానం గాలిలో గంటకు 100 మైళ్లు పోతుందనుకో. వెనకనుంచి 20 మైళ్ల గాలి తోస్తే నేల మీద లెక్కకి 120. అదే ఎదురుగాలి అయితే 80. ఇంజను పడే శ్రమ మాత్రం ఒకటే."

"పోన్లే, వెళ్లేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోయింది. చెల్లుకు చెల్లు" అన్నాను బి.ఏ. తెలివితో.

వాడు నవ్వాడు. "120 మైళ్ల దూరానికి, గాలి లేకపోతే రానూపోనూ 2 గంటల 24 నిమిషాలు. గాలి ఉంటే వెళ్లడానికి గంట, రావడానికి గంటన్నర. ఆరు నిమిషాలు నష్టమే! ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండాలి కదా."

2020 ఫిబ్రవరిలో ఓ జంబో జెట్ న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరిందట. తుపాను గాలి వెనకనుంచి తోసిందట. మరి ఆ ఘనతలో గాలి వాటా ఎంత?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథ రాయడం నాకు నేర్పిందే మా అక్క. ఇవాళ నా పేరున పద్దెనిమిది నవలలున్నాయి. అక్క మొదలుపెట్టిన ఒక్క నవలా ట్రంకుపెట్టె అడుగున ఉంది. కిందటేడు నేనే అన్నాను, "తీరిక చేసుకుంటే దొరుకుతుందక్కా" అని. అక్క ఏమీ అనలేదు.

నేను రాసుకునే రాత్రుళ్లు నా బిడ్డను మా అత్తగారు పక్కలో వేసుకుని పడుకునేవారు. అక్కగారి అత్తగారేమో ఎనిమిదేళ్లు మంచం మీద ఉన్నారు. నేను చూసింది మా ఇద్దరి నేల మీద వేగాన్నే!

అలాగని, చేరలేని ప్రతివాళ్లూ గాలిని తిట్టుకుంటూ కూర్చోవచ్చా? కూడదు. ఎదురుగాలి ఉందంటే పెట్రోలు ఎక్కువ పోయించుకుని మరీ బయల్దేరాలిట. ఎవరికైనా దూరం తగ్గదు. కానీ, వాడి కాగితంలో గాలికంటూ ఒక గడి ఉంది చూశారూ, ఎదుటివాళ్లను కొలిచేటప్పుడు మనం ఖాళీగా వదిలేసేది ఆ గడినే. మన విజయాల లెక్కలోనూ అంతే.

పొద్దున్నే అక్కకి ఫోన్ చేశాను. "ఆ నవల పట్టుకుని నెల్లాళ్లు మా ఇంటికి రా. వంటా వార్పూ నేను చూసుకుంటాను."

కాసేపు మాట లేదు.

"నెల్లాళ్లు నీ వంట తినాలిటే?" అంది అక్క.

రానని మాత్రం అనలేదు.