మూడు ప్రశ్నల ముందు ఒక పరిశోధన



రెండో తరగతి పిల్లవాడు వాక్యం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఆ వేలు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని పక్కనే కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటోంది ఒక పరిశోధకురాలు. ఇలాంటి ఓపికైన పని విలువను ఒక దేశం ఎలా తూస్తుంది?

అమెరికాలో శాశ్వత నివాస హక్కు, అంటే గ్రీన్‌కార్డు కోరే విదేశీయుల కోసం అందుకు నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ అని ఒక దారి ఉంది. కంపెనీ ఉద్యోగపత్రం అక్కర్లేదు. తన పనినే ముందు పెట్టి, తానే అర్జీ పెట్టుకోవచ్చు. 2016 నాటి ఒక తీర్పు ప్రకారం అధికారులు మూడు ప్రశ్నలు వేసుకుంటారు. ఆ పనికి విలువ, దేశస్థాయి ప్రాముఖ్యం ఉన్నాయా? దాన్ని ముందుకు నడిపే సత్తా ఈ మనిషికి ఉందా? ఉద్యోగ నిబంధన సడలిస్తే దేశానికి మేలేనా?

మొదటిదే గట్టి పరీక్ష. పాఠం బాగా చెబుతారన్నది ఒక్కటే చాలదు. ఆ పద్ధతి తరగతి గోడలు దాటి ఇంకెందరికి అందుతుందో చూపాలి. మంచి టీచర్ల విషయంలో ఇది కాస్త కఠినమే అనిపిస్తుంది నాకు.

అర్జీ ఆమోదం పొందినా గ్రీన్‌కార్డు వెంటనే చేతికి రాదు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల భారతదేశంలో పుట్టినవాళ్లు ఏళ్లకేళ్లు వరసలో ఉండాలి. ఎన్నో తెలుగిళ్లకు ఆ ఎదురుచూపు తెలుసు. ప్రతిభ తేలాక కూడా పుట్టిన చోటును బట్టి ఆపడం న్యాయం కాదు.

తన అర్జీకి ఆమోదం అందిన మర్నాడు ఆ పరిశోధకురాలు మళ్లీ అదే బడికి వెళ్లింది. పిల్లవాడి వేలు మూడో వరస దాకా వచ్చింది.