లేని దేశంలో మన మినారు

లేని దేశానికి పటం గీసేవాడు అబద్ధం ఆడగలడా? ప్రశ్న వింతగా ఉంది. కాబట్టి ముందు ఆ పటాల సంగతి చెప్పాలి.

1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతా వాళ్లలో ఒకరు కత్తివీరుడు, ఒకరు మాంత్రికురాలు, ఇంకొకరు దొంగ. మన వీధి భాగవతం ఆడేవాళ్లకు కథ ముందే తెలుసు. వీళ్లకు తెలియదు. పాచిక పడినదాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. 'ఈ కొండ దాటితే ఏముంది?' అని ఎవరైనా అడిగితే నడిపేవాడి దగ్గర జవాబుండాలి. అందుకే కథకన్నా ముందు దేశం కావాలి. దేశానికి పటం కావాలి.

మొదట్లో గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసుకునేవాళ్లు. 1993లో ఇంగ్లండులో మొదలైన ప్రోఫాంటసీ అనే సంస్థ, ఇంజనీర్లు ప్లాన్లు గీసుకునే సాఫ్ట్‌వేర్‌ను పునాదిగా తీసుకుని 'క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్' తయారుచేసింది. తర్వాత ఇంకార్నేట్, వండర్‌డ్రాఫ్ట్ వంటివి వచ్చాయి. బొమ్మ గీయడం చేతకాని వాడు కూడా సాయంత్రానికి ఒక ఖండం సిద్ధం చేసుకోవచ్చు. తీరం గీస్తే సముద్రం దానంతటదే నీలమవుతుంది. మౌసు ఈడ్చుకుపోతే కొండల వరస లేస్తుంది. ఆ తర్వాత గుర్తుల పెట్టె తెరుచుకుంటుంది. కోట, పల్లె, ఓడరేవు, గాలిమర, శిథిలం. ఒక్కోటీ ఏరి పటం మీద పెట్టడమే.

ఈ గుర్తుల పెట్టె దగ్గర కాసేపు ఆగాలి. అందులో 'ఊరు' అని ఉన్న గుర్తు చాలాసార్లు యూరప్ ఊరే. వాలు కప్పులు, పొగగొట్టాలు, కోసుగా లేచిన చర్చి శిఖరం. దానికి విశేషణం ఉండదు. గుమ్మటం, మినారు, ఒంటె, ఖర్జూరం కావాలంటే వేరే అర వెతకాలి. ఆ అర పేరు ఎక్కువగా 'ఎడారి' అనే ఉంటుంది. ఒకటి ఊరు. ఇంకోటి ఎడారి ఊరు. మైనారిటీగా బతికిన వాళ్లకు ఈ వ్యాకరణం కొత్తది కాదు. ఒకడు రచయిత, ఇంకొకడు ముస్లిం రచయిత.

కాగితం తెల్లగా ఉంది కదా, నీ ఇష్టమొచ్చింది గీసుకో అంటుంది సాఫ్ట్‌వేర్. కాగితం తెల్లగానే ఉంది. గీసే చెయ్యి తెల్లకాగితం కాదు.

హైదరాబాదులో మా మేనల్లుడు వారం వారం స్నేహితులతో ఈ ఆట ఆడతాడు. వాడు గీసిన ఖండానికి దక్షిణాన ఇసుక, ఇసుకలో గుమ్మటాలు, ఆ గుమ్మటాల కింద బానిసల సంత. "అక్కడ వీళ్లెందుకున్నార్రా?" అని అడిగాను. "ఉట్టి ఆట మామూ, ఆ దేశమే లేదు. అందులో ఎవరికి ఏం నష్టం?" అన్నాడు. తెలివైన జవాబు. తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు.

నిజమే. భూగోళం పటంలో హైదరాబాదును సముద్రంలో పెడితే అది తప్పని ఎవరైనా చూపించగలరు. లేని ఖండంలో ఎక్కడేం పెట్టినా తప్పని చూపించే ఆధారం ఉండదు. ఆ దక్షిణపు జనం క్రూరులని వాడు నిర్ణయిస్తే, ఆ లోకంలో వాళ్లు క్రూరులే. సృష్టికర్త తన సృష్టి గురించి అబద్ధం ఆడలేడు.

కానీ మినారు వాడి సృష్టి కాదు. అది మన లోకంలోంచి వెళ్లింది. ఎందుకు తీసుకెళ్లాడు? వివరించే పని తప్పుతుంది కాబట్టి. మినారు పెట్టగానే బల్ల చుట్టూ కూచున్న వాళ్లకు మిగతాదంతా తెలిసిపోయినట్టే: తలపాగా, వంకర కత్తి, పరదా, సంత. వాళ్లకు ముందే ఉన్న 'తెలుసు' మీద పటం నిలబడింది. కల్పిత దేశం కదా అని తప్పించుకుంటూనే, ఆ దేశం అర్థం కావడానికి కావలసిన సరుకంతా ఈ లోకంనుంచి అరువు తెచ్చుకుంటున్నాడు. అరువు తెచ్చుకున్న వాడికి జవాబుదారీ ఉండదా?

ఇంకో మాట కూడా ఉంది. నిజం పటం గీసేవాడికి ఒక సాకు ఉంటుంది. ఎడారి అక్కడే ఉంది, నేనేం చేయను అనొచ్చు. కల్పిత పటం గీసేవాడికి ఆ సాకు లేదు. నది ఎటు పారాలో, ఎవరి ఇంటి ముందు పారాలో అంతా వాడి ఇష్టమే. బలవంతం చేసేవాళ్లు లేని చోట బాధ్యత పెరుగుతుందే కానీ తగ్గదు.

ఈ మూస సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది కాదు. ఈ పటాలన్నిటికీ పెద్దదిక్కు టోల్కీన్. ముందు పటం గీసుకుని దానికి తగ్గట్టు కథ అల్లినవాడాయన. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'తో 1954లో అచ్చయిన పటాన్ని ఆయన కొడుకు క్రిస్టఫర్ గీశాడు. అందులో వాయవ్యాన వాగువాగుకూ పేరుంది. హరాద్ అనే దక్షిణం దాదాపు ఖాళీ. ఏనుగులెక్కి యుద్ధానికొచ్చే నల్లని మనుషులు ఆ ఖాళీలోంచే వస్తారు. అదే 1954లో సి.ఎస్. లూయిస్ నార్నియా కథల్లో ఎడారికి దక్షిణాన తలపాగాల, వంకర కత్తుల కలోర్మెన్‌కు ఒక నవలలో పెద్దపీట వేశాడు. మా మేనల్లుడి ఇసుక దక్షిణంలోనే ఎందుకుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

అయితే టోల్కీన్‌లో ఒక చోటు నన్ను వదలదు. ఆ దక్షిణపు సైనికుడొకడు చచ్చి పడి ఉంటాడు. అతన్ని చూసి సామ్ అనే తోటమాలి ఆలోచనలో పడతాడు. అతని పేరేమిటో, ఎక్కడివాడో, నిజంగా దుర్మార్గుడో, లేక ఏ అబద్ధాలో బెదిరింపులో అతన్ని ఇంటినుంచి ఇంతదూరం లాక్కొచ్చాయో అని. రచయిత మనసు అక్కడిదాకా వెళ్లింది. పటం వెళ్లలేదు. అతను ఏ ఊరివాడో సామ్ వెతుక్కుందామన్నా ఆ పటంలో అతనికి ఊరు లేదు.

మరి ప్రేమగా గీస్తే? 1992లో జెఫ్ గ్రబ్ రాసిన 'అల్-ఖదీం' వచ్చింది. అరేబియన్ నైట్స్ వాసన వేసే జఖారా అనే దేశం అందులో ఉంది. ద్వేషంతో రాసింది కాదు. ఆతిథ్యం, ఆడినమాట, మర్యాద అక్కడ ప్రాణం. మిగతా పటాల్లో చంపడానికే పుట్టినట్టుండే ఓర్కులు కూడా అక్కడ నగరాల్లో అందరితో కలిసి బతుకుతారు. చదివితే ముచ్చటేస్తుంది. కానీ ఆ దేశం కూడా అసలు కథల ఖండానికి దూరంగా, దక్షిణాన ఒక ద్వీపకల్పం. అతిథికి మంచి గది ఇచ్చారు, కాకపోతే పెరట్లో.

2020లో ఆ ఆట ప్రచురణకర్తలు ఓర్కుల వంటి జాతుల్ని పుట్టుకతో చెడ్డవాళ్లుగా చూపే పద్ధతి మార్చుకుంటామన్నారు. 2024 నిబంధనల పుస్తకంలో 'జాతి' అన్న మాటే తీసేశారు. మంచిదే. పుస్తకంలో మాట తీసేయడం తేలిక. చేతి అలవాటుగా మారిన గుర్తును తీయడం కష్టం.

అలవాటు కోడ్‌లోకి ఎక్కితే ఏమవుతుందో చూడాలంటే అజ్‌గార్ పేరుతో ఉన్న ఉచిత పటాల యంత్రం ఉంది. మీట నొక్కితే ఖండాలు, రాజ్యాలు, మతాలు, వేల ఊర్లు పుట్టుకొస్తాయి. ఊర్ల పేర్లకు అరబ్బీ, తురుష్క, బెర్బర్, కర్ణాటక వంటి పేర్ల జాబితాలున్నాయి. అసలు పేర్లను అక్షరాల ముక్కలుగా తరిగి కొత్త పేర్లు అతుకుతుంది. ఎడారిలో పడిన జనానికి 'సంచారులు' అన్న ముద్ర దానంతటదే పడుతుంది. ఆ కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. అది దాని మేలు. మార్చాలన్న ఊహ రావడమే అరుదు. చాలామంది ముస్లిములు బతికేది ఇండోనేషియా, బంగ్లాదేశ్ వంటి వాన దేశాల్లో, వరిచేల పక్కన అన్న సంగతి గుర్తుల పెట్టెకు తెలియదు. బాగ్దాద్ నది ఒడ్డున కట్టిన ఊరని కూడా తెలియదు.

ఇదంతా తెల్లవాళ్ల పాపమని సరిపెట్టుకుందామా? మన ఇల్లు కూడా చూసుకోవాలి. 1154లో అల్ ఇద్రీసీ సిసిలీ రాజు రోజర్ కోసం ప్రపంచ పటం తయారుచేశాడు. రాజు క్రైస్తవుడు, పటం గీసినవాడు ముసల్మాను. భూమిని ఏడు మండలాలుగా, ఒక్కో మండలాన్ని పది ముక్కలుగా విడదీసి డెబ్భై పటాలు గీశాడు. అందులో దక్షిణం పైన ఉంటుంది. ఇప్పటి పుస్తకాల్లో చాలాసార్లు దాన్ని తలకిందులు చేసి అచ్చేస్తారు, మన కళ్లకు ఇబ్బంది కలగకుండా. ఇది చెప్పుకుని గర్వపడొచ్చు. కానీ అదే పటం అంచున యాజూజ్ మాజూజ్‌లను ఆపిన గోడ కూడా ఉంది. మండలాల లెక్కనే పట్టుకుని ఇబ్న్ ఖల్దూన్ అంతటివాడు, ఎండ మండే కొసనా చలి కొరికే కొసనా బతికే జనాలు పశువులకు దగ్గరివాళ్లని 1377లో రాశాడు. మధ్యనున్న మండలాలు మాత్రం మంచివి. వాటిలో ఒకటి తనది. కలం పట్టినవాడు మధ్యలో కూచుంటాడు. ఎడారి, మంచు, రాక్షసులు అంచుకు పోతాయి. మతం ఏదైనా సరే.

అయితే మినారు తీసేయమంటావా అని మా మేనల్లుడు మళ్లీ అడిగాడు. వద్దు. తీసేస్తే మనం ఆ లోకంలో అసలే ఉండం. అది ఇంకో రకం ఖాళీ. మినారు ఉండనీ, పక్కన ఒక కాలువ తవ్వు, ఆ సంతలో బానిసల బదులు కాగితం అమ్మించు, బానిసల సంతను వాలు కప్పుల ఊరికి మార్చి నీ స్నేహితుల ముఖాలు చూడు అన్నాను. నవ్వాడు. వాడు మార్చాడో లేదో నేను చూడలేదు.

నాకు మాత్రం ఇంకో చిక్కు మిగిలింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో మనం సొంతంగా గీసిన గుర్తులు కూడా చేర్చుకోవచ్చు. సరే, మనల్ని మనమే గీసుకుందాం. ఏం గీయాలి? దూదేకులాయనకు గుర్తేది? దూది ఏకే విల్లు గీస్తే ఆటాడే వాళ్లకు అది ఆయుధంలా కనిపిస్తుంది. పీర్ల చావిడికి గుర్తేది? మినారు లేదు, గుమ్మటం లేదు. పెంకుల కప్పు, ఎదురుగా ఒక వేపచెట్టు, అలావా గుంట. పీరు ఎత్తేవాడు సాయిబే కానక్కర్లేదు. వేలిగోరంత సైజులో గీస్తే గుంట కనిపించదు, చెట్టు ఏ చెట్టయినా కావచ్చు. అది అచ్చం పక్కింటిలాగే ఉంటుంది. పక్కిల్లు కాదని తెలియాలంటే దాని పక్కన పేరు రాయాలి, చదివేవాడు ఆగి చదవాలి.