పరిహారమూ ఋణమూ

పూర్వమీమాంసా శాస్త్రంలో ఒక విచిత్రమైన చర్చ ఉన్నది. విశ్వజిత్తు అనే యాగం చేసిన యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చివేయాలి. ఆ యజమాని మహారాజే అయినప్పుడు తన రాజ్యంలోని భూమినంతటినీ దానం చేయవలసి వస్తుందా? జైమిని సూత్రమూ, దానిపై శబరస్వామి భాష్యమూ ఇచ్చిన సమాధానం ఒక్కటే: చేయనక్కరలేదు, చేయనూ కూడదు. ఎందుచేతనంటే భూమి రాజు సొత్తు కాదు. రాజు భూమిని కాపాడతాడు, కాపాడినందుకు పంటలో భాగం పుచ్చుకుంటాడు. అంతమాత్రాన ఆయన దానికి స్వామి కాడు. యాగాల కాలం గడచిపోయినా ఆ చర్చలోని చిక్కు గడచిపోలేదు. రాజు కానీండి, ప్రజలెన్నుకొన్న ప్రభుత్వం కానీండి, ఒకని పొలాన్ని వాని ఇష్టానికి వ్యతిరేకంగా తీసుకొనే అధికారం ఎంతవరకు? తీసుకొని వెల చెల్లించిన పిమ్మట ఇరువురి మధ్య లెక్క తీరిపోయినట్లేనా?

మొదటి ప్రశ్నకు ఆధునిక రాజ్యాలన్నీ దాదాపు ఒకే తీరున సమాధానం చెప్పుకొన్నాయి. ప్రజాప్రయోజనం ఉంటే తీసుకోవచ్చును, తీసుకొంటే పరిహారం ఇవ్వాలి. 1625లో హ్యూగో గ్రోషియస్ ఈ అధికారానికి ఒక పేరు పెట్టినప్పుడే పరిహారపు షరతును కూడా దానికి జోడించాడు. రెండవ ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉన్నది. దానిని పరీక్షించి చూడడానికి భిలాయి కంటె తగిన చోటు అరుదు. ఎందుకంటే అక్కడి ప్రజాప్రయోజనం బూటకం కాదు. అక్కడ ఉక్కు నిజంగానే పుట్టింది, దేశానికి నిజంగానే పనికి వచ్చింది. అన్యాయమైన ఉద్దేశంతో చేసిన భూసేకరణను ఖండించడం తేలిక; ఉద్దేశం మంచిదైనప్పుడే నీతివిచారం అవసరమవుతుంది.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేసిననాడు భిలాయి దుర్గ్ జిల్లాలో హౌరా-బొంబాయి రైలుమార్గం చెంత ఒక సామాన్యమైన గ్రామం. దల్లీ-రాజహరా కొండలలో ఇనుప ఖనిజమున్నది. నందినిలో సున్నపురాయి ఉన్నది. తాండుల జలాశయం నుండి నీరు తేవచ్చును. ఇంజనీర్ల దృష్టిలో అది విశాలమైన చదును నేల. నాలుగేండ్లు తిరిగీ తిరగకముందే, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి సంకల్పం. కర్మాగారానికీ, పక్కన సెక్టార్లుగా వెలసిన ఉద్యోగుల పట్టణానికీ, గనులకూ కలిపి తొంభైకి పైగా గ్రామాలు తమ భూమిని పూర్తిగానో కొంతగానో కోల్పోయాయి. రువాబాంధా, మరోదా, రిసాలీ వంటి గ్రామనామాలు నేడు పట్టణపు పేటల పేర్లుగా వినిపిస్తున్నాయి.

చదును నేల అని నక్షాలో కనిపించినది వరి పండే నేల. కోతకు వచ్చే వరిమళ్లలోనే తేవడా పప్పు గింజలు చల్లి, వరి కోసిన తరువాత మిగిలిన చెమ్మతో రెండవ పంట తీసుకొనే సేద్యం ఛత్తీస్‌గఢ్ రైతుది. ఊరికి చెరువులు ఉంటాయి. స్నానానికొకటి, పశువులకొకటి అన్నట్లు. గట్టున శీతలామాత ఉంటుంది, ఊరి మొదట ఠాకుర్‌దేవ్ ఉంటాడు. హరేలీనాడు నాగలిని కడిగి పూజిస్తారు, పోలానాడు ఎద్దులను అలంకరిస్తారు. నాగలి పూజకు నాగలీ, ఎద్దుల పూజకు ఎద్దులూ కావాలి. ఈ సంగతి చెప్పవలసినంత గొప్పది కాదు కాని, పరిహారపు జాబితాలో దీనికి గడి లేదు.

ఆనాడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. పరాయి ప్రభుత్వం చేసిన ఆ శాసనాన్ని స్వతంత్ర ప్రభుత్వం యథాతథంగా చేపట్టింది. నాలుగవ సెక్షను క్రింద ప్రకటన వెలువడిన నాటి మార్కెటు ధరే భూమికి ధర. రాబోయే కర్మాగారం వలన ఆ నేల విలువ ఎంత పెరిగినా ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకోరాదని చట్టమే చెప్పింది. అనగా పొలం విలువ పెరిగింది ఏ కారణం చేతనో, ఆ కారణం వలననే రైతు దానికి దూరమయ్యాడు. ఇందులో మరొక అంశం ఉన్నది. సేకరణ బలవంతపుది కనుక మార్కెటు ధరపై నూటికి పదిహేను వంతున అదనంగా ఇవ్వాలన్నారు. 1984లో ఇది ముప్పదికి పెరిగింది, 2013 చట్టంతో నూరయింది. ఇచ్చగించి అమ్మినవానికి ఓదార్పు సొమ్ము అక్కరలేదు. కనుక ధరలో ఇమడనిది ఒకటి ఉన్నదని చట్టం తన నోటనే ఒప్పుకొన్నది. ఒప్పుకొని, దానికి కూడా శాతం కట్టింది.

అదే 1955 ఏప్రిల్‌లో రాజ్యాంగానికి నాలుగవ సవరణ అమలులోకి వచ్చింది. అంతకు రెండేండ్ల ముందు బేలా బెనర్జీ కేసులో సుప్రీంకోర్టు, పరిహారమంటే పోగొట్టుకొన్నదానికి న్యాయంగా సరితూగే మూల్యమని తీర్పు చెప్పింది. సవరణ ఆ తీర్పును దాటి, శాసనం నిర్ణయించిన పరిహారం చాలినదా కాదా అని న్యాయస్థానాలు విచారించరాదన్నది. 1894 చట్టం క్రింద ధర విషయమై సివిలు కోర్టుకు పోయే దారి మిగిలే ఉన్నది. కాని చదువురాని రైతుకు ఆ దారి ఎంత పొడవైనదో ఊహించవచ్చును. చివరకు 1978లో వచ్చిన నలభై నాలుగవ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండే తొలగి, మూడువందల ఏ అధికరణం క్రింద సామాన్యమైన రాజ్యాంగహక్కుగా మిగిలింది.

ఇంతమాత్రం చేత ఆ సవరణలను దుర్మార్గమని తీసిపారవేయడం సబబు కాదు. వాటి వెనుక జమీందారీల రద్దు ఉన్నది. తెలుగుదేశంలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమూ, హైదరాబాదులో 1949లో జాగీర్ల రద్దూ ఎవరిని బాధించాయో, ఎవరికి ఊపిరి పోశాయో తెలుగు పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్‌లో మాల్‌గుజార్లుండేవారు. 1950 నాటి మధ్యప్రదేశ్ చట్టం వారి యాజమాన్యపు హక్కులను రద్దు చేసింది. అదీ ప్రభుత్వం ప్రైవేటు ఆస్తిని తీసుకోవడమే. అయినా ఆ పనిలోనూ, కొద్ది ఏండ్లకే అదే మాల్‌గుజారు క్రిందినుండి బయటపడిన రైతు పొలాన్ని తీసుకోవడంలోనూ ఒకే ధర్మం ఉన్నదనడం మాటల పోలికకు మోసపోవడమే. ఒకటి ఇతరుల శ్రమపై కప్పం వసూలు చేసే హక్కు. రెండవది తన శ్రమను తానే ఉపయోగించుకొనే తావు. ఆస్తి అనే ఒక్క పదం ఈ రెండింటినీ కప్పివేయడం వలన, పెద్దవాని నుండి తీసుకొనేందుకు సంపాదించిన అధికారం చిన్నవానిపై కూడా అంతే పదునుగా పనిచేసింది. ఇక పట్టాయే లేనివాడున్నాడు. కూలి చేసుకొనే సత్నామీ, మంద తోలుకొనే రావుత్, చెరువులో వల వేసే కేవట్. వీరు కోల్పోయినది ఎవరి ఆస్తీ కాదు కనుక వీరికి రావలసినదీ ఏమీ లేదు.

ఈ సందర్భంలో ప్రేమ్‌చంద్ 'రంగభూమి' తలపునకు రాక మానదు. 1925లో వెలువడిన ఆ నవలలో కాశీ పొలిమేరలోని పాండేపూర్‌లో సూరదాసు అనే అంధ భిక్షువుకు పెద్దలనాటి నేల కొంత ఉన్నది. జాన్ సేవక్ అనే వ్యాపారి ఆ చోట సిగరెట్ల కర్మాగారం పెట్టదలచాడు. ఆ నేల మీద సూరదాసు పంట పండించడు. పేటలోని పశువులు మేస్తాయి, అంతే. వాడు బిచ్చమెత్తి బ్రతుకుతున్నాడు. ఆర్థికశాస్త్రం ప్రకారం అమ్మకానికి ఇంతకంటె తగిన ఆసామి ఉండడు. అయినా వాడు అమ్మనన్నాడు. ప్రేమ్‌చంద్ ప్రతిభ ఈ ఎన్నికలోనే ఉన్నది. పొలం మీద బ్రతికే రైతును నాయకునిగా నిలిపి ఉంటే, ఎక్కువ ధర ఇస్తే సరి అని వాదించే అవకాశం ఉండేది. సూరదాసు విషయంలో ఆ వాదం నిలవదు. ఆ నేల వాని జీవనోపాధి కాదు; పదిమందిలో వాని స్థానం. బిచ్చగాడైనా తన నేల మీద ఊరి పశువులను మేయనిచ్చే దాత. నేల పోయిననాడు వాడు కేవలం బిచ్చగాడు. కర్మాగారం వస్తే పేటలోకి తాగుడూ, వ్యభిచారమూ వస్తాయని వాడు పడిన భయం కథలో నిజమవుతుంది. తుదకు కూలీల ఇండ్ల కొరకు పేటనంతటినీ ఖాళీ చేయిస్తున్నప్పుడు, గుడిసె విడువనన్న సూరదాసు తుపాకిదెబ్బ తింటాడు.

ఆ నవలలో తీసుకొనేవాడు పరాయి ప్రభుత్వం, తీయించేవాడు పెట్టుబడిదారు. కనుక పాఠకుని మనస్సు సందేహం లేకుండా సూరదాసు పక్షాన నిలుస్తుంది. ముప్పది ఏండ్ల తరువాత భిలాయిలో తీసుకొన్నది స్వంత ప్రభుత్వం. లాభం ఏ సేవక్ సాహెబుకూ పోలేదు. అందుచేత కాదనే గొంతు సిగ్గుపడింది. త్యాగమనే మాట అప్పుడే రంగం మీదికి వచ్చింది. కష్టపడవలసి వస్తే దేశం కొరకు పడాలని 1948లో హీరాకుడ్ నిర్వాసితులతో నెహ్రూ అన్నట్లు ప్రసిద్ధి. ఇటువంటి సందర్భాలలో విదురనీతిని ఉదహరించడమూ పరిపాటి: చిన్న సమూహాన్ని పెద్ద సమూహం కొరకు, గ్రామాన్ని దేశం కొరకు విడువవచ్చునని. (ఆత్మకొరకు భూమినంతటినీ విడువవచ్చునన్న చివరి మెట్టును ఉపన్యాసకులు సాధారణంగా ఎక్కరు.) అయితే విడవడమనే క్రియకు కర్త ఉండాలి. తనదానిని తాను విడిస్తే త్యాగం. ఒకని గ్రామాన్ని మరొకడు విడిచిపెట్టి, ఆ పుణ్యాన్ని గ్రామం ఖాతాలో వేయడాన్ని త్యాగమనడానికి ఏ నిఘంటువూ సమ్మతించదు.

పరిహారపు రూకలు చేతికందిన తరువాత ఏమైనదో మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ రచనలలో చూడవచ్చును. ఆయన 1993 నుండి భిలాయి చుట్టుపక్కల చిరకాలం పరిశోధన చేశాడు. నిర్మాణపు రోజులలో పునాదులకూ కొలిమికీ మనుష్యబలులు ఇస్తున్నారన్న వదంతులు గ్రామాలను కలచివేశాయట. భూమి కోల్పోయినవారిలో అనేకులు ఆ భయం చేత తొలినాళ్లలో కర్మాగారపు పనికి పోనొల్లలేదు. అప్పటికి పంజాబు నుండీ, బీహారు నుండీ, కేరళనుండీ, ఆంధ్రదేశం నుండీ వచ్చినవారితో గేట్ల ముందు బారులు తీరాయి. స్థానికులు భయం వీడి వచ్చేసరికి చాలా చోట్లు నిండిపోయాయి. అధికారులు దీనిని అజ్ఞానమన్నారు. అజ్ఞానమే కావచ్చును. కాని తమ ఇష్టాన్ని అడగకుండా పొలాన్ని తీసుకొన్న శక్తి తమనూ అడగకుండా తీసుకోదని నమ్మడానికి ఆ గ్రామస్థులకు ఏ ఆధారం ఉన్నది?

భిలాయి ఇచ్చినది స్వల్పం కాదు. భారత రైల్వేల పట్టాలలో అత్యధిక భాగం అక్కడివే. అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరికిన కుటుంబం, అది తెలుగు కుటుంబమైనా ఛత్తీస్‌గఢీ కుటుంబమైనా, ఒక్క తరంలో బడినీ ఆస్పత్రినీ పింఛనునూ చూసింది. ఇదంతా లెక్కించవలసినదే. కాని ఒకని నష్టాన్ని మరొకని లాభంలోనుండి తీసివేసి, మిగిలినది లాభమే కదా అనడం గణితానికి సరిపోతుంది కాని ధర్మానికి సరిపోదు. ఆ రెండంకెలూ ఒకే మనిషివి కావు. కొనుగోలులో ఇద్దరి ఇష్టమూ ఉంటుంది కనుక సొమ్ము చేతులు మారగానే సంబంధం ముగుస్తుంది. భూసేకరణలో ఒకని ఇష్టం లేదు. కనుక అది అమ్మకం కాదు, అడగకుండా తీసుకొన్న అప్పు. పరిహారం దానిలో ఒక కిస్తీ మాత్రమే. ఏ ప్రయోజనం పేరు చెప్పి తీసుకొన్నారో ఆ ప్రయోజనం సాగినంతకాలం ఆ ఋణం సాగుతుంది. ప్రయోజనం మారితే ఋణదాత మళ్లీ గడప ముందు నిలుస్తాడు.

విశాఖలో జరిగినది అదే. 1966లో ఉక్కు కర్మాగారం కొరకు ఆంధ్రదేశం ఉద్యమించింది, ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఇరవై వేల ఎకరాలకు పైగా సేకరించారు. నిర్వాసితులకు ఉద్యోగపు ఆశతో ఆర్ కార్డులిచ్చారు. 2021 జనవరిలో ఆ సంస్థలోని ప్రభుత్వ వాటానంతటినీ అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించినప్పుడు, కార్మికులతోపాటు ఆర్ కార్డులవారూ వీధికెక్కారు. వారి వాదంలో తర్కం స్పష్టం: ప్రభుత్వానికని ఇచ్చిన నేల ఇది, అంగడికని ఇచ్చినది కాదు.

2013 నాటి కొత్త భూసేకరణ చట్టం ఈ సంగతిని కొంత గుర్తించింది. సేకరించిన భూమి ఐదేండ్లు వాడకుండా పడి ఉంటే పూర్వపు యజమానులకో వారి వారసులకో, లేదా ప్రభుత్వపు భూనిధికో తిరిగి చేరాలన్నది. బస్తరులోని లోహండీగుడాలో పది గ్రామాల రైతుల నుండి టాటా ఉక్కు కర్మాగారం కొరకు భూమి తీసుకొన్నారు. 2016లో ఆ సంస్థ తప్పుకొన్నది. 2018 డిసెంబరులో వచ్చిన కొత్త రాష్ట్రప్రభుత్వం ఆ నేలను తిరిగి ఇవ్వ నిశ్చయించి, మరుసటి ఫిబ్రవరిలో 1,700 మందికి పైగా రైతులకు పట్టాలు అందించింది.

భిలాయిలో తిరిగి ఇవ్వడానికి పొలం లేదు. అక్కడ కొలిమి ఉన్నది. కాని గేట్లున్నాయి. 1980లలో అరవై వేలు దాటిన స్థిరోద్యోగుల సంఖ్య తరువాత సగానికి దిగువకు పడిపోయింది. ఆ పనులలో చాలా భాగం కాంట్రాక్టు కూలీలకు పోయింది. భూములిచ్చిన ఊళ్ల మనుమలూ మునిమనుమలూ వారిలో ఎందరో ఉన్నారు. స్థిరోద్యోగి వేతనంలో చిన్న భాగానికి, ఏ క్షణాన మానిపించినా అడిగే దిక్కు లేకుండా, వారు పనిచేస్తున్నది తాతల పొలాలున్న చోటనే.