హక్కుదారు, లబ్ధిదారు: పోరాటానంతర సంక్షేమ భాషపై ఒక నైతిక పరిశీలన

పరిపాలనా తెలుగులో ‘హక్కుదారు’, ‘లబ్ధిదారు’ అనే రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటి చివరా ఉన్నది ‘కలిగినవాడు’ అనే అర్థమిచ్చే పారసీక ప్రత్యయమే. అయినా హక్కు ఇచ్చేవాడి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఉంటుంది. లబ్ధి ఎవరో ఇస్తేనే చేతికి వస్తుంది. ఇంతకీ రాజ్యం పేదలకు తీరుస్తున్నది బాకీయా, చూపుతున్నది దయా? ఈ ప్రశ్నకు తెలంగాణ చరిత్రలో స్పష్టమైన సందర్భం ఉంది.

1946లో మొదలై 1951 అక్టోబరులో విరమణ పొందిన సాయుధ పోరాటంలో నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పేద రైతులు, కూలీలు దొరల భూములను పంచుకున్నారు. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత వాటిలో చాలా భాగం తిరిగి దొరల పరమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం దక్కింది. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. కాని తరతరాలు వెట్టి చేసినవారి శ్రమకు ఆ చట్టాలలో పరిహారం లేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట భూమిలేనివారికి భూమి లభించింది. అయితే అది ‘దానం’గా లభించింది. పత్రం ఉన్నవాడి నష్టం బాకీ అయింది, చెమట మాత్రమే ఉన్నవాడి నష్టం దయకు విడిచిపెట్టబడింది.

ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితి సంస్కరణకు పూనుకున్న పి.వి. నరసింహారావే 1991లో ప్రధానిగా ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థను మార్కెట్టు వైపు మళ్లించారు. నల్లగొండ పల్లెల నుంచి విజయవాడ రహదారి మీదుగా వచ్చేవారికి నగరం ఎల్.బి. నగర్‌లో ఎదురవుతుంది. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరిన యువకుడు హాస్టలు అద్దె, కోచింగ్ రుసుము చెల్లించి ఉద్యోగ పరీక్షలకు చదువుతాడు. తాతలు భూమిని హక్కుగా అడిగారు; మనుమడు అవకాశాన్ని కొనుక్కుంటున్నాడు. అతని కళాశాల రుసుమును ప్రభుత్వం చెల్లించినా, కాగితాలలో అతడు లబ్ధిదారే.

ఆకలిగొన్నవాడికి అన్నం ముఖ్యం గాని పేరు ముఖ్యమా అని అడగవచ్చు. ఆ అభ్యంతరం తేలికైనది కాదు. ఈ రెండు ప్రాంతాల నడుమ మెట్రో స్టేషనుకు పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం నిజాం కాలపు దయకు గుర్తు. ఆ దయ ఎందరో పిల్లల కడుపు నింపింది. దయను తక్కువ చేయవలసిన పని లేదు. తేడా తెలిసేది ఇవ్వడం ఆగిన రోజున. బాకీ ఆగితే నిలదీయవచ్చు. దయ ఆగితే మళ్లీ కలిగేదాకా ఎదురుచూడాలి. నిలదీయగలిగినవాడు పౌరుడు, ఎదురుచూసేవాడు ఆశ్రితుడు.

2013 ఆహార భద్రతా చట్టం బియ్యాన్ని చట్టబద్ధమైన హక్కు చేసింది. అయినా వాడుకలో రేషను కార్డుదారు లబ్ధిదారుగానే మిగిలాడు. చట్టం మారినా మాట మారలేదంటే, పాత సంబంధం ఇంకా భాషలో బతికే ఉందన్నమాట. సంక్షేమానికి న్యాయం చేకూరాలంటే ఎంత ఇచ్చారన్న లెక్కతో పాటు, ఏ పేరుతో ఇచ్చారన్న విచారణ కూడా జరగాలి.