ఎవరూ ఎంచుకోని దానికి కర్త ఎవరు?

చేసిన పనికి చేసినవాడే బాధ్యుడన్న మాటలో తగువు లేదు. ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే జరిగిపోయిన పనికి కర్త ఎవరన్నదే చిక్కు. అకర్మలోనూ కర్మను చూడగలవాడు బుద్ధిమంతుడంటుంది గీత. యూనిక్స్ యంత్రాల్లో మెయిల్ మోసే సాఫ్ట్‌వేర్ చరిత్ర ఆ మాటకు గట్టి నిదర్శనం. సర్వర్ పెట్టుకున్నవాడు ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే అది ఎలా నడుస్తుందో, దాన్నే డిఫాల్ట్ అంటాం. వాడేవాడికి అది నిర్ణయంలా కనిపించదు. తయారుచేసినవాడికి మాత్రం అది వేలమంది తరఫున ముందే తీసుకున్న నిర్ణయం. కాబట్టి దాని ఫలితంలో మొదటి వాటా తయారుచేసినవాడిదేనని నా వాదన.

1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తానే పాకే ప్రోగ్రామ్) వేల యంత్రాలను కుదేలు చేసింది. అది దూరిన దారుల్లో ఒకటి సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లోని డీబగ్ సదుపాయం. పరీక్షల కోసం పెట్టిన ఆ సదుపాయం ఎన్నో యంత్రాలకు తెరిచిన స్థితిలోనే చేరింది. గ్రహీత పేరు ఉండాల్సిన చోట బయటివాడు ఆదేశాలు రాసి పంపితే యంత్రం వాటిని అమలు చేసేది. నేరం మోరిస్‌దే, కోర్టు శిక్షించింది కూడా. అయినా ఆ తలుపు తెరిచి పంపింది అతను కాదు. మరో తలుపు ఇంకా చాలాకాలం తెరిచే ఉంది. ఎవరి ఉత్తరాన్నైనా ఎవరికైనా చేరవేసే రిలేను స్పామ్ పంపేవాళ్లు వాడుకున్నారు. 1998లో వచ్చిన 8.9 వెర్షన్‌తో గానీ సెండ్‌మెయిల్ దాన్ని డిఫాల్ట్‌గా మూయలేదు.

ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల లోకంలో ఇతరుల ఉత్తరాన్ని ముందుకు పంపడం ఇరుగుపొరుగు ధర్మమే కదా అనవచ్చు. నిజమే, ఆనాటికి అది ఔదార్యమే. కానీ ధర్మం దేశకాలాలను బట్టి నడుస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి చేరాక కూడా పాత అలవాటునే ఉంచడం ఔదార్యం కాదు, ఉపేక్ష. మాన్యువల్ చదవని అడ్మిన్‌ది తప్పు కాదా అన్నది రెండో ఆక్షేపణ. అతనికీ వాటా ఉంది. అయితే అతిగా మూయడం, అతిగా తెరవడం అనే రెండు పొరపాట్లూ ఒకే బరువువి కావు. అతిగా మూసి ఉంటే అతని ఉత్తరాలే ఆగుతాయి, వెంటనే తెలుసుకుని దిద్దుకుంటాడు. అతిగా తెరిచి ఉంటే అతని పని సాఫీగా సాగుతుంది, దెబ్బ మాత్రం అతన్ని ఎరగని పరాయివాళ్లకు తగులుతుంది. వాళ్లను ఎవరూ అడగలేదు, దిద్దుకునే వీలూ వాళ్లకు లేదు.

ఇది వాడేవాడి స్వేచ్ఛను హరించడం కాదా? కాదు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెయిల్ సేవ డిఫాల్ట్‌గా సొంత యంత్రం మాటే వింటుంది. లోకానికి తెరవాలంటే సెట్టింగ్ మార్చి తెరవవచ్చు. అప్పుడు తెరిచినవాడు తెలిసి తెరుస్తాడు, కర్తృత్వం అతని చేతికి వస్తుంది. తెలియక తెరిచి ఉన్న తలుపులో ఎవరి స్వేచ్ఛా లేదు. సాఫ్ట్‌వేర్ రాసేవారు మూసి అందించాలి, తెరిచే దారి స్పష్టంగా చూపాలి. తెరవడం వాడేవాడి హక్కు, మూసి ఇవ్వడం తయారుచేసినవాడి విధి.